కవచం తొడిగిన పురుగు

మా పెద్దమ్మ ఊరు కోదాడకు దగ్గర. వాళ్ల నడిమింట్లో గోడకు ఒక గూడు ఉంది. అందులో పసుపు డబ్బా, కరెంటు బిల్లులు, వాటి పక్కన పాత పేపరు ముక్కలో చుట్టిపెట్టిన గోలీలు. ఆశ కార్యకర్త ఇచ్చిపోయినవి. డీఈసీ మూడు, ఆల్బెండజోల్ ఒకటి. బోదకాలు రాకుండా ఊరందరికీ పంచే మందు అది.

"ఎందుకు మింగలేదు పెద్దమ్మా?" అని అడిగాను.

"నాకేం రోగమున్నదని మింగాలె బిడ్డా? కాలు వాచినోళ్లకు ఇయ్యాలె గాని. పోయినసారి మీ పెదనాయన మింగిండు. రెండు రోజులు జ్వరం, ఒళ్లు నొప్పులు. మంచిగున్న మనిషిని మంచాన పడేసే గోలీ ఎందుకు?"

ఆమె అడిగినవి రెండు ప్రశ్నలు. రోగం లేనివాళ్లకు మందెందుకు? మింగితే జ్వరమెందుకు? ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది. ఈ రెండు ప్రశ్నలకు జవాబు కూర్చడానికి శాస్త్రవేత్తలకు దాదాపు నూటముప్ఫై ఏళ్లు పట్టింది. ఆ జవాబులో సగం భీమవరంలో పుట్టిన ఒక తెలుగువాడిది. మిగతా సగం బోదకాలు తెచ్చే పురుగుదే. అది ఒంటికి తొడుక్కున్న కవచాన్ని ఒక్కో పొరా విప్పి చూస్తే గాని మందు పనిచేసే తీరు అర్థం కాలేదు.

ముందు మన నేల సంగతి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నీళ్లతో మారిన పట్నాలు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ పారినంత మేరా మెట్ట పోయి మాగాణి వచ్చింది. వరి వచ్చింది, మిల్లులు వచ్చాయి, లారీలు వచ్చాయి, వాటి వెంట జనం వచ్చారు. "సాగర్ నీళ్లొచ్చినంకనే దోమలెక్కువైనయి" అని మావైపు పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. అందులో నిజం ఉంది, కానీ బోదకాలు విషయంలో తప్పు పొలానిది కాదు. ఈ రోగాన్ని మోసే క్యూలెక్స్ దోమకు పారే కాలువ నచ్చదు, తేటనీటి మడి కూడా అంతగా నచ్చదు. దానికి కావలసింది మురుగు. కదలని డ్రైనేజీ, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు, బస్టాండు వెనకాల నిలిచిన నల్లనీళ్లు. కాలువ తెచ్చిన సంపదతో పట్నాలు పెరిగాయి, మురుగుకాలువలు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. దోమ ఆ సందులో కాపురం పెట్టింది.

ఆ దోమ మోసుకొచ్చేది వుకరేరియా బ్యాంక్రాఫ్టై అనే పురుగు. కుట్టుదారంలా ఉంటుంది. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవు, మగది అందులో సగం. మన గజ్జల్లో, కాళ్లలో, వృషణాల దగ్గర ఉండే శోషరస నాళాల్లో ఇవి చుట్టలు చుట్టుకొని ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. అన్నేళ్లూ లక్షల కొద్దీ పిల్లపురుగులను రక్తంలోకి వదులుతాయి. ఆ పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల నాళాల్లో దాక్కొని, రాత్రి పది నుంచి రెండింటి మధ్య ఒంటి పైభాగపు రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా ఆ వేళకే. అందుకే బోదకాలు సర్వేకు వచ్చే ఆరోగ్య సిబ్బంది నిద్రపోతున్న ఊరిని లేపి వేలు గుచ్చి రక్తం తీసుకుంటారు.

ఈ పురుగును గుర్తించిన కథను త్వరగా చెప్పేస్తాను. 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ మనిషి రక్తంలో పిల్లపురుగులను చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలో జోసెఫ్ బ్యాంక్రాఫ్ట్ పెద్ద పురుగును పట్టుకున్నాడు. 1877లో చైనా తీరాన అమోయ్‌లో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, ఒంట్లో పురుగులున్న తన తోటమాలిని దోమలకు కుట్టించి, రక్తం తాగిన దోమలను కోసి చూశాడు. వాటి కడుపులో పిల్లపురుగులు పెరుగుతున్నాయి. ఒక రోగాన్ని పురుగు రూపంలో దోమ మోస్తుందని లోకానికి తెలిసింది అక్కడే. ఆ మాన్సన్ ప్రోత్సాహంతోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా జీవిని చూశాడు. మలేరియా ముందు, బోదకాలు తర్వాత అనుకుంటాం. వరస అటుది ఇటు.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. శోషరస నాళాలంటే ఒంటికి కాపలా కాసే దారులు. తెల్లరక్తకణాలు మాటేసి ఉండే చోటు, గజ్జల్లో బిళ్ళలు కట్టే చోటు. సూక్ష్మజీవి దొరికితే అక్కడే దాని పని పడతాయి. అటువంటి చోట, పోలీసు ఠాణా వరండాలో చాప పరుచుకున్నట్టు, ఒక పురుగు ఆరేళ్లు ఎలా కాపురం చేస్తుంది? ముల్లు గుచ్చుకుంటే రెండు రోజుల్లో చీము పట్టించి బయటకు నెట్టే ఒళ్లు, బెత్తెడు పురుగును చూసి ఎందుకు ఊరుకుంటుంది?

ఈ ప్రశ్నను ఎవరూ సూటిగా పట్టుకోకముందే మందు దొరికింది. ఆ మందు వెనక ఉన్నవాడు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాతో పోతే కళ్లారా చూసినవాడు. మద్రాసులో వైద్యం చదివి 1923లో హార్వర్డ్ చేరాడు. అక్కడ సహచరుడు ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఒంటికి ఇంధనమైన ఏటీపీని వెలికితీసిన తొలి ఇద్దరు ముగ్గురిలో ఒకడు. ఈ సంగతులు మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి, నేను మళ్లీ విస్తరించను. నాకు ఇక్కడ ముఖ్యమైనది 1940 తర్వాతి కాలం. అప్పుడాయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలకు వచ్చాడు. త్వరలోనే పరిశోధనలన్నిటికీ పెద్ద అయ్యాడు.

అది రెండో ప్రపంచయుద్ధ కాలం. సమోవా వంటి పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో గజ్జల్లో వాపుతో, వృషణాల నొప్పితో పడిపోయారు. దీవుల వాళ్లు దాన్ని ముము అనేవారు. వుకరేరియా పనే. పడుచు సైనికులు తమకూ ఏనుగు కాళ్లు వస్తాయని, మగతనం పోతుందని బెంగపడ్డారు. అప్పటిదాకా బోదకాలుకు మంచి మందు లేదు. వాడి చూసిన ఆంటిమొనీ, ఆర్సెనిక్ మందులు రోగినీ విషంలా పట్టేవి. నల్గొండ పల్లెల్లో, గోదావరి లంకల్లో, ఒడిశా తీరంలో తరతరాలుగా ఉన్న రోగమే అది. కానీ పట్టుదలగా మందు వెతకడం మొదలైంది సైన్యం కాలు వాచాకే. చరిత్రలో ఇటువంటివి చూసినప్పుడు నాకు మనసు నొచ్చుకుంటుంది.

లెడర్లీలో దారి సులువుగా లేదు. వుకరేరియా మనిషి ఒంట్లో తప్ప ఏ ప్రయోగశాల ఎలుకలోనూ బతకదు. అందుకని దాని దూరపు చుట్టం లిటోమోసాయిడీస్ అనే పురుగు సహజంగా పట్టిన పత్తిచేల ఎలుకలను తెచ్చారు. వందల పదార్థాలను వాటికి ఎక్కించి, రక్తంలో పిల్లపురుగులు తగ్గుతున్నాయా అని రోజూ లెక్కపెట్టారు. పరాన్నజీవుల నిపుణుడు హ్యూయిట్, రసాయనవేత్తలు కుష్నర్, స్టీవర్ట్, వారందరినీ నడిపించే సుబ్బారావు. చివరకు పైపరజీన్ కుటుంబంలో ఒక పదార్థం పట్టుబడింది. పేరు డైఈథైల్ కార్బమజీన్. మనం పిలిచే డీఈసీ అదే. 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఏడే ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూశారు. హెట్రజాన్ అనే పేరుతో బయటికొచ్చింది. సుబ్బారావు 1948 ఆగస్టులో, యాభైమూడేళ్లకే కన్నుమూశాడు. అమెరికా వెళ్లాక మళ్లీ స్వదేశం చూడలేదు. తను నడిపించిన మందు కోదాడ గూట్లోకి వస్తుందని ఆయనకు తెలిసే అవకాశమే లేకపోయింది.

మందు పనిచేస్తోంది. ఎలా పనిచేస్తోంది?

లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ అనే వైద్యుడు ఈ ప్రశ్న పట్టుకున్నాడు. తర్వాతి కాలంలో విశ్వం గురించి రాసి పేరుపొందిన స్టీఫెన్ హాకింగ్‌కు తండ్రి ఈయన. పిల్లవాడు బడికి పోతున్న రోజుల్లో తండ్రి ఎలుకల రక్తంలో పురుగులను లెక్కపెడుతున్నాడు. ఎలుకకు డీఈసీ సూది వేస్తే నిమిషాల్లో రక్తంలోంచి పిల్లపురుగులు మాయమయ్యేవి. సరే, ఆ పురుగులను బయటకు తీసి గాజు పాత్రలో వేసి, ఒంట్లో ఉండే మోతాదుకు ఎన్నో రెట్లు మందు కలిపాడు. పురుగులు చావలేదు. హాయిగా మెలికలు తిరుగుతూనే ఉన్నాయి.

ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగాలి. ఎలుకల మందైనా, పురుగుల మందైనా, దాన్ని నేరుగా తగిలిస్తే చావాలి కదా. ఇక్కడ అలా జరగలేదు. హాకింగ్, ఆయన సహచరులు మందు పడిన ఎలుకల కాలేయాన్ని కోసి చూశారు. మాయమైన పురుగులన్నీ అక్కడ ఉన్నాయి. వాటి చుట్టూ తెల్లకణాలు గుమిగూడి పీక్కుతింటున్నాయి. 1948 నుంచి 1950 మధ్య అచ్చయిన ఆ పరిశీలన చెప్పింది ఒక్కటే. ఈ మందు తానుగా చంపదు. పురుగు మీద ఉన్న ఏదో రక్షణను సడలిస్తుంది. చంపేది ఒళ్లే.

ఏమిటా రక్షణ? ఒళ్లు దేనితో చంపుతుంది? ఈ జవాబుకు పురుగుల శాస్త్రవేత్తల దగ్గర సరంజామా లేదు. అది వేరే ఇంటి నుంచి రావలసి వచ్చింది.

1938లో కేంబ్రిడ్జిలో మాన్, కీలిన్ అనే ఇద్దరు ఎద్దు రక్తంలోంచి రాగి కలిసిన నీలిరంగు ప్రొటీన్ ఒకటి వేరుచేశారు. అది ఏం పని చేస్తుందో ఎవరికీ తెలియలేదు. రాగిని దాచిపెట్టే గరిసె కాబోలు అనుకొని వదిలేశారు. ముప్ఫై ఒక్క ఏళ్లు అది పని లేని ప్రొటీన్‌గానే పడి ఉంది. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ ఫ్రిడోవిచ్, ఆయన విద్యార్థి జో మెక్‌కార్డ్ దాని అసలు పని పట్టుకున్నారు. సూపరాక్సైడ్ అనే మంటలమారి ఆక్సిజన్‌ను పట్టి చల్లార్చడమే దాని పని. దానికి సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్ అని పేరు పెట్టారు.

సూపరాక్సైడ్ అంటే మనం పీల్చే ఆక్సిజన్‌కు ఒక ఎలక్ట్రాన్ అదనంగా అంటుకున్న రూపం. కుదురు లేనిది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. దెబ్బ తగిలినప్పుడు మందుల షాపులో కొని పుండు మీద పోస్తే బుసబుసమని నురగ వచ్చే నీళ్లు అవే. ఈ రెండూ ఎదురైన దాన్నల్లా ఆక్సీకరణం చేస్తాయి. పండుగకు చేసిన సకినాలు నెల దాటితే ముక్కిన వాసన వస్తాయి కదా, గాలిలోని ఆక్సిజన్ వాటి నూనెను పట్టుకోవడం వల్ల. ఇనుప గొర్రు తుప్పు పట్టేదీ, కోసిన వంకాయ నల్లబడేదీ ఆ కుటుంబం పనే. జీవకణాల గోడలు కూడా కొవ్వుతో చేసినవే. అవీ అలాగే ముక్కిపోతాయి. సకినానికి నెల పడుతుంది, కణానికి క్షణాలు చాలు.

1973లో బాబియర్ బృందం ఇంకో సంగతి చూపించింది. మన తెల్లకణాలు సూక్ష్మజీవి ఎదురైతే కావాలనే సూపరాక్సైడ్ తయారుచేసి దాని మీద చిమ్ముతాయి. ఆ శక్తి పుట్టుకతోనే లేని పిల్లలు కొందరుంటారు. చిన్న చిన్న సూక్ష్మజీవులకే వాళ్లకు పుండ్లు మానవు. ఒళ్లు వాడే ఆయుధం ఏమిటో దీనితో తేలింది. అది నిప్పు. మన శ్వాసలోంచి తీసిన నిప్పు.

ఆయుధం తెలిశాక ప్రశ్న తిరగబడింది. ఈ నిప్పుల వాన కింద బోదకాలు పురుగు ఆరేళ్లు ఎలా తడవకుండా ఉంది?

జవాబు ఎవరూ వెతకని చోట దొరికింది. 1980లలో లండన్‌లో కొందరు టీకా కోసం పురుగు చర్మాన్ని పరిశీలిస్తున్నారు. చర్మం మీద కనబడేదేదో తెలిస్తే ఒంటికి దాన్ని నేర్పించవచ్చని వాళ్ల ఆశ. వుకరేరియా ఎలుకల్లో పెరగదు గనుక దాని చుట్టం బ్రూజియాను వాడారు. కేరళ తీరాన బోదకాలు తెచ్చే పురుగుల్లో బ్రూజియా కూడా ఉంది, మన తెలుగు నేల మీద ఉన్నది మాత్రం వుకరేరియానే. బతికున్న పురుగు చర్మానికి రేడియోధార్మిక అయొడిన్ అంటించి చూస్తే ఒక ప్రొటీన్ మిగతావాటికంటే కొట్టొచ్చినట్టు కనబడింది. బరువును బట్టి దానికి జీపీ29 అని పేరు. అది చర్మాన్ని కట్టే ఇటుక అనుకున్నారు. 1992లో ఇంపీరియల్ కాలేజీకి చెందిన కుక్సన్, బ్లాక్స్‌టర్, సెల్కర్క్ దాని జన్యువును చదివితే అది ఇటుక కాదని తేలింది. అది గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ కుటుంబానికి చెందిన ఎంజైము. మన ఎర్రరక్తకణాలను పెరాక్సైడ్ నుంచి కాపాడుతుందని 1957 నుంచీ తెలిసిన కుటుంబం అది.

మూడేళ్లకు ఆ బృందమే ఇంకా లోతుకు వెళ్లింది. ఈ ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పట్టించుకోదు. అప్పటికే పెరాక్సైడ్ సోకిన కొవ్వునే పట్టి బాగుచేస్తుంది. అంటే చర్మంలోని సకినం ముక్కిపోకుండా కాపలా కాయడమే దీని ఉద్యోగం. తెల్లకణం చిమ్మిన నిప్పు చర్మం కొవ్వును అంటుకుంటుంది, పక్కకు పాకేలోపు ఇది ఆర్పుతుంది. నాకు ఈ భాగం ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే. కళ్లు లేవు, చెవులు లేవు, దారమంత పురుగు. కానీ నిప్పు ఎక్కడ అంటుకుంటుందో దానికి తెలిసినట్టే ఉంది దాని కట్టుబడి.

తర్వాత పొరలు వరసగా బయటపడ్డాయి. 1994లో తేలింది: బ్రూజియా సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్‌ను తన ఒంట్లో ఉంచుకోవడమే కాదు, బయటకు కూడా వదులుతుంది. నిప్పు చర్మానికి చేరకముందే వాకిట్లోనే చల్లారుతుంది. 1998లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చర్మం కింది పొరలో పెరాక్సిరెడాక్సిన్ కనిపించింది. ఈ ప్రొటీన్ జాతిని అంతకు పదేళ్ల ముందే ఈస్టులో గుర్తించారు. మన ఇడ్లీ పిండి పులియడానికి తోడుపడే ఈస్టుకూ, బోదకాలు పురుగుకూ, మనకూ ఒకే వంశపు కాపలాదారు.

పెరాక్సిరెడాక్సిన్ ఒంటరిగా పనిచేయదు. పల్లెలో గడ్డివాముకు నిప్పంటుకున్న రోజు గుర్తు తెచ్చుకోండి. బావి నుంచి వాము దాకా మనుషులు వరసగా నిలబడతారు. నీళ్ల బిందె చేతి నుంచి చేతికి పోతుంది, చివరివాడు మంట మీద పోస్తాడు, ఖాళీ బిందె వెనక్కు వస్తుంది. పురుగులోనూ అంతే. బావి ఎన్ఏడీపీహెచ్ అనే అణువు. మొదటి మనిషి థయోరెడాక్సిన్ రిడక్టేజ్. నడుమ బిందె అందించేవాడు థయోరెడాక్సిన్. మంట దగ్గర నిలబడ్డవాడు పెరాక్సిరెడాక్సిన్. బిందెలో ఉన్నది ఎలక్ట్రాన్లు. అవి పడగానే హైడ్రోజన్ పెరాక్సైడ్ నిజంగానే నీళ్లయిపోతుంది. మన బడి పుస్తకాల్లో చదివిన ఆక్సీకరణం, క్షయకరణం అంటే ఈ బిందెల రాకపోకే. పదో తరగతిలో ఆ పాఠాన్ని సమీకరణాల తూకంగా మాత్రమే చెప్పించుకున్నాం. ఒక పురుగు ప్రాణం దాని మీద నిలబడిందని చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

నడిమి మనిషి థయోరెడాక్సిన్‌ను 1964లో స్వీడన్‌లో పీటర్ రైకార్డ్ బృందం బ్యాక్టీరియాలో కనుగొంది. అప్పుడు వాళ్లు వెతికింది డీఎన్ఏ ముడిసరుకు ఎలా తయారవుతుందో. బోదకాలు ఊసే లేదు. ముప్ఫై తొమ్మిదేళ్ల తర్వాత, 2003లో, చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం వాళ్లు జాన్స్ హాప్కిన్స్‌తో కలిసి బ్రూజియా థయోరెడాక్సిన్‌ను వర్ణించారు. మన ఒంట్లోని థయోరెడాక్సిన్ బరువు 12 కిలోడాల్టన్లు. ఈ పురుగుల జాతిలో 16. ఆ నాలుగు కిలోడాల్టన్ల తేడా చిన్నదేమీ కాదు. పురుగు ప్రొటీన్ అచ్చం మనదానిలాగే ఉంటే దానిమీదికి ఒంటిని ఉసిగొల్పలేం, ఒళ్లు తన్ను తానే కొట్టుకుంటుంది. తేడా ఉంది కనుక, ఆ తేడా ఉన్న ముక్కలను మాత్రమే ఏరి టీకాగా మలిచే ప్రయత్నం 2010 నాటికి చెన్నైలో జరిగింది. అటు వార్ధా దగ్గర సేవాగ్రామ్‌లోని మహాత్మా గాంధీ వైద్య సంస్థ, అమెరికాలోని ఇలినాయ్ పరిశోధకులతో కలిసి గ్లుటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ అనే మరో కాపలా ప్రొటీన్‌ను పట్టుకుంది. రోగమున్న ఊళ్లోనే పుట్టి పెరిగి, దోమలతో కుట్టించుకుంటూనే ఉండి, పురుగు మాత్రం పట్టని మనుషులుంటారు. వాళ్ల రక్తంలో ఈ ప్రొటీన్ మీద యాంటీబాడీలు కనిపించాయి. కొందరి ఒళ్లు ఆ కవచాన్ని తనంతట తానే గుర్తుపట్టిందన్నమాట. మన పల్లెల్లో "వాడి రక్తం గట్టిది" అంటారు. ఆ మాటలో ఇంత అర్థం ఉందని నేను అనుకోలేదు.

వరసలో మొదటి మనిషిని ఆపితే? 2015లో కాలిఫోర్నియాలో ఆ పని చేసి చూశారు. కీళ్లవాతానికి 1980ల నుంచి వాడుతున్న ఆరనోఫిన్ అనే మందులో బంగారం ఉంటుంది. ఆ బంగారం థయోరెడాక్సిన్ రిడక్టేజ్‌కు అతుక్కొని దాన్ని కదలనివ్వదు. బావి దగ్గరే బిందె ఆగిపోతుంది. పాత్రలో ఉన్న బ్రూజియా పురుగులు చచ్చాయి, జంతువుల్లోనూ తగ్గాయి. డీఈసీలా కాకుండా ఇది కవచాన్ని నేరుగా కొట్టే దారి.

ఇదే కథ వేరే రోగాల్లోనూ నడుస్తోంది. నిద్రరోగం, కాలా అజార్ తెచ్చే జీవులు మనకు లేని ట్రైపనోథయోన్ అనే అణువును కవచంగా వాడతాయని 1985లో తెలిసింది. మలేరియా జీవి మన ఎర్రకణంలో కూర్చొని హిమోగ్లోబిన్ తింటూ, ఆ తిండిలోంచే పుట్టే నిప్పును థయోరెడాక్సిన్ వరసతో ఆర్పుకుంటుంది. 1891లో బెర్లిన్‌లో ఎర్లిక్ ఇద్దరు మలేరియా రోగులకు మిథిలీన్ బ్లూ అనే రంగు ఇచ్చి నయం చేశాడు. ఎలక్ట్రాన్లను దారి మళ్లించే రంగు అది. ఎందుకు పనిచేసిందో ఆయనకు తెలియదు, తెలియడానికి వందేళ్లు పట్టింది.

మళ్లీ హాకింగ్ గాజు పాత్ర దగ్గరికి వస్తాను. పాత్రలో చావని పురుగు ఒంట్లో ఎందుకు చచ్చింది? 2005లో లివర్‌పూల్‌లో మెక్‌గారీ, ప్లాంట్, టేలర్ ఎలుకలతో ఒక సూటి ప్రయోగం చేశారు. ఒళ్లు వాడే నిప్పుల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు ఇంకోటి ఉంది. దాన్ని తయారుచేసే ఎంజైము జన్యువు తీసేసిన ఎలుకలకు పురుగులు ఎక్కించి, డీఈసీ ఇచ్చారు. మామూలు ఎలుకల్లో పిల్లపురుగులు పోయాయి. ఆ ఎంజైము లేని ఎలుకల్లో మందు పనిచేయలేదు. సుబ్బారావు మందు, ఒంటి నిప్పు, రెండూ కలిస్తేనే పురుగు చస్తుంది. హాకింగ్ పరిశీలనకు యాభై ఏడేళ్ల తర్వాత వచ్చిన రుజువు ఇది.

ఇక్కడ ఒక పక్క సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ పురుగుల ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురముంటుంది. అది లేకపోతే పురుగుకు సంతానం ఉండదు. దాన్ని చంపడానికి వాడే డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ కూడా 1948లో, సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచే వచ్చింది. ఒకే పురుగు మీదికి రెండు వైపుల నుంచి రెండు మందులు, రెండింటి వేళ్లూ ఒకే ప్రయోగశాలలో.

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నలకు వస్తాను.

రోగం లేనివాళ్లకెందుకు? ఎందుకంటే పురుగు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. కవచం అంత బాగా పనిచేస్తుంది. ఒంటికి తెలియకుండా, మనిషికి తెలియకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. కాలు వాచిన మనిషి రక్తంలో చాలాసార్లు పిల్లపురుగులే కనబడవు. దోమకు పురుగును అందించేది కాలు వాచినవాడు కాదు, అరుగు మీద కూర్చొని నాకేం రోగమున్నదని అడిగే మనలాంటివాడే. కాలు ఒకసారి ముదిరి వాచిందా, అది మళ్లీ మామూలు కాదు. తెలంగాణలో బోదకాలు బాధితులకు ఆసరా పింఛను ఇవ్వవలసి వచ్చింది అందుకే.

జ్వరమెందుకు? మందు మింగిన రాత్రి ఒంట్లో పిల్లపురుగులు పెద్ద ఎత్తున చస్తాయి. వాటి శవాలు, వాటిలోని వోల్బాకియా ముక్కలు రక్తంలో పడతాయి. ఒళ్లు వేడెక్కుతుంది. పెదనాయనకు వచ్చిన జ్వరం మందు చేసిన చెడు కాదు. ఆయన ఒంట్లో పురుగులున్నాయనీ, అవి చచ్చాయనీ చెప్పే గుర్తు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది.

ఆ డీఈసీ గోలీ ఇప్పుడు ఎక్కడ తయారవుతోందో తెలిసినప్పుడు నాకు గొంతు పట్టుకున్నట్టయింది. జపాన్ కంపెనీ ఐసాయ్ విశాఖపట్నంలోని తన ఫ్యాక్టరీలో వాటిని చేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ద్వారా 2013 నుంచి బోదకాలు ఉన్న దేశాలకు ఉచితంగా పంపుతోంది. భీమవరం బిడ్డ నడిపించి వెలికితీసిన మందు, మన తీరాన తయారై, సముద్రాలు దాటి ఊరూరా చేరుతోంది. మన గూట్లో మాత్రం పేపరు చుట్టలో ఉండిపోతోంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు, చుట్టుపక్కల పల్లెల వాళ్లకు నా మనవి ఒక్కటే. ఆశ కార్యకర్త వచ్చిన రోజు గోలీలు తీసుకొని గూట్లో పెట్టకండి. అన్నం తిని, ఆమె ఎదుటే మింగండి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుచేసి మంచాన ఉన్నవాళ్లు తప్ప మిగతా అందరూ మింగాలి. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు డీఈసీ ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు రెండు, పదిహేనేళ్లు దాటినవాళ్లకు మూడు. జ్వరం వస్తే భయపడకండి, ఆమెకే చెప్పండి.

మా పెద్దమ్మ మొన్నటిసారి మింగింది. ఆమెకు జ్వరం రాలేదు.